పొడిచే పుంజు – పెరటిలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మన సంఘాలకు పాలు పోసే ఇండ్లలో గేదెతోబాటు నాలుగు నాటుకోళ్ళు లేని పెరడు అరుదు. పాల బిల్లు చేతికి వచ్చేలోపల ఉప్పుకో, పప్పుకో, పిల్లల పుస్తకాలకో అక్కర పడితే ఆదుకొనేవి ఆ కోళ్ళే. కాబట్టి పాడి పత్రికలో కోడి సంగతి ఎందుకని సభ్యులు అనుకోరని మా నమ్మకం. మనుషుల మీదికి వచ్చే పుంజును ఎలా అదుపులో పెట్టాలో, ఏ పరిస్థితిలో దానిని వదులుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మేము చేసిన పొరపాటు

2022 డిసెంబరులో డెల్టాలోని ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాము. పుస్తకాలు చూస్తూ ఉండగా ఒక సభ్యురాలి ఉదయం పాలు వారం రోజులుగా అర లీటరు చొప్పున తగ్గినట్లు కనిపించింది. వారి ఇంటికి వెళ్ళి విచారించాము. గేదె ఆరోగ్యంగానే ఉంది. మేతలో, దాణాలో మార్పు లేదు. మేము పాకలో నిలబడి ఉండగానే ఒక పుంజు గాడి మీదికి ఎగిరింది. గేదె బెదిరి పక్కకు జరిగింది. ఆ పుంజు అంతటితో ఆగక మా కాళ్ళ మీదికి వచ్చింది.

"అమ్మా, దాన్ని ఒక్కటి గట్టిగా తన్నించండి. మళ్ళీ రాదు" అని మేమే సలహా చెప్పాము.

పది రోజుల తరువాత అదే ఊరు వెళితే ఆమె ఏడేండ్ల మనుమరాలు కంటి కింద కట్టుతో కనిపించింది. "మీరు చెప్పినట్టే మా అబ్బాయి తన్నాడండీ. అప్పటినుంచి మనిషి కనబడితే చాలు ఎగబడుతోంది. పాలచెంబు పట్టుకొని వస్తున్న పిల్లను వెనకనుంచి వచ్చి తన్నింది. కన్ను పోవలసింది, వెంట్రుకవాసిలో తప్పింది" అని ఆమె చెప్పినప్పుడు మేము తల ఎత్తలేకపోయాము. తెలియని విషయంలో సలహా చెప్పడం మా తప్పు. ఆ తరువాత పశువైద్యులను, అనుభవం గల కోళ్ళ పెంపకందార్లను అడిగి తెలుసుకొన్న విషయాలే ఇక్కడ వ్రాస్తున్నాము.

పుంజు ఎందుకు పొడుస్తుంది?

పుంజు పిల్లకు అయిదారు నెలలు వచ్చి ఈడుకు రాగానే పెట్టలను కాచుకొనే గుణం బయటపడుతుంది. గద్ద వచ్చినా, కుక్క వచ్చినా ఎదురు నిలిచేది అదే. ఈ గుణం మంచిదే. మనిషిని కూడా పోటీకి వచ్చిన మరో పుంజుగా లెక్కగట్టినప్పుడే చిక్కు వస్తుంది. మనం తన్నితే అది శిక్ష అనుకోదు, పోట్లాటకు జవాబు అనుకొంటుంది. మనం వెనుదిరిగి పరుగెత్తితే తానే గెలిచానని అనుకొంటుంది. రెండు విధాలా దాని పట్టుదల పెరుగుతుంది.

ఇందుకు తోడ్పడే కారణాలు కొన్ని ఉన్నాయి. పిల్లలు పుల్లలతో రెచ్చగొట్టడం మొదటిది. ఒంటిగా మనుషుల మధ్యనే పెరిగిన పిల్ల బెదురు లేకుండా తయారుకావడం రెండవది. ఇరుకు పెరట్లో పుంజులు ఎక్కువై పెట్టలు తక్కువ కావడం మూడవది. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు.

జాతి పుంజు గనుక పొడుస్తుందని కొందరంటారు. అది పూర్తిగా సరికాదు. అసీల్ పుంజు సాటి పుంజును సహించదు గాని, సరిగా పెంచితే మనుషుల దగ్గర సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. మన అలవాట్లు చెడగొట్టినవే ఎక్కువ.

ముందుగా కనిపించే గుర్తులు

ఒక రెక్క కిందికి వాల్చి పక్కవాటుగా అడుగులు వేయడం, మెడ ఈకలు నిక్కించడం, తల దించి మనవైపే చూడడం, మనం అటు తిరగగానే చప్పుడు లేకుండా వెంట రావడం – వీటిలో ఏది కనిపించినా ఆ పుంజు మీద కన్ను వేసి ఉంచవలెను. "చిన్నది, ముద్దుగా పొడుస్తోంది" అని నవ్వి ఊరుకొంటే మూడు నెలల తరువాత ఏడ్వవలసి వస్తుంది.

ఎదురైనప్పుడు ఏమి చేయాలి?

1. పరుగెత్తకండి, వెన్ను చూపకండి. కొట్టకండి, తన్నకండి.

2. చేతిలోని బకెట్టునో, చేటనో, తట్టనో మీకూ దానికీ మధ్య అడ్డు పెట్టి కదలకుండా నిలబడండి. అది తల తిప్పుకొని మేతలో పడినదాకా ఉండి, ఆ తరువాత నెమ్మదిగా మీ పనికి వెళ్ళండి.

3. కోడికి చీకటిలో చూపు సరిగా ఆనదు. రాత్రి గూటిలో ఉన్నప్పుడు రెక్కలు ఒంటికి అదిమి పట్టి, చంకలో పెట్టుకొని కొద్దిసేపు అటూ ఇటూ తిరగండి. కొన్నాళ్ళు ఇలా చేస్తే చాలా పుంజులు మనిషి చేతికి అలవాటు పడతాయి. కాళ్ళు పట్టుకొని తలకిందులుగా వ్రేలాడదీయరాదు.

4. గింజలు ఒకేచోట పోయక రెండు మూడుచోట్ల చల్లండి. రెండు పుంజులుంటే ఒకదానికొకటి కనబడకుండా తడిక అడ్డు పెట్టండి.

5. కట్టివేయక తప్పకపోతే మెత్తని గుడ్డపేలికతో, తిరిగేందుకు చాలినంత పొడవు తాడుతో, నీడలో నీళ్ళు అందేటట్లు కట్టండి. పొట్టి తాడుతో చాలాసేపు కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమని గూడా సభ్యులు గుర్తుంచుకోవలెను.

6. చిన్నపిల్లలను గుడ్లు తేవడానికి ఒంటరిగా పంపకండి. కిందికి వంగిన పిల్ల ముఖం పుంజుకు అందే ఎత్తులోనే ఉంటుంది.

పాలు పితికే వేళ

గేదె చేపిన తరువాత ఆ చేపు కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ సమయంలో పశువు బెదిరితే చేపు ఆగి, పొదుగులో పాలు మిగిలిపోతాయి. పైన చెప్పిన సభ్యురాలి అర లీటరు అలా మిగిలినదే. అందువల్ల పితకడానికి ముందే పుంజును గంప కింద మూసి, పని ముగిసిన వెంటనే వదలండి. వేసవిలో ఎండలో గంప మూసి మరచిపోరాదు. గాడి మీద, పాలబకెట్టు దగ్గర కోళ్ళను తిరగనిస్తే రెట్ట మేతలోనూ, పాలలోనూ పడుతుంది. ఆ పాలు విరిగితే నష్టపోయేది మనమే.

కాలి ముల్లు, గాయాలు

పుంజు చేసే గాయం ముక్కువల్ల కంటె కాలి ముల్లువల్లనే లోతు. ముల్లు లోపల ఎముక, నెత్తురు ఉంటాయి కనుక మొదలంటా కోయరాదు. వాడి కొనను మాత్రమే ఆకురాయితో అరగదీసి మొద్దు చేయవచ్చు. ఇది చూచి నేర్చుకోవలసిన పని. మొదటిసారి పశువైద్య సిబ్బంది చేత చేయించండి.

గాయమైతే ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో బాగా కడగండి. కోడి వల్ల పిచ్చికుక్క వ్యాధి రాదు గాని, ధనుర్వాతం భయం ఉన్నది. చిన్న రంధ్రమేగదా అని పసుపు అద్ది ఊరుకోక ఆసుపత్రిలో చూపించి, సూదిమందు అవసరమేమో అడగండి. కంటి దగ్గర గాయమైతే ఒక్క గంట కూడా ఆలస్యం చేయరాదు.

ఎప్పుడు వదులుకోవాలి?

రెండు మూడు వారాలు ఓపికగా సరిదిద్దినా మారని పుంజును ఉంచుకోరాదు. ఇంటిలో పసిపిల్లలు, కళ్ళు కనిపించని వృద్ధులు ఉంటే ఆ గడువు కూడా ఇవ్వరాదు. గుణం కొంతవరకు సంతానానికి వస్తుంది కాబట్టి అటువంటి పుంజు వల్ల వచ్చిన గుడ్లను పొదిగించకండి. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడుతూనే ఉంటాయి. పుంజు అవసరం పొదిగించే గుడ్లకు మాత్రమే. పాత పుంజు పోయిన తరువాత కూడా రెండు మూడు వారాల వరకు దాని ప్రభావం గుడ్లలో ఉంటుంది. కనుక నెమ్మదైన కొత్త పుంజును తెచ్చిన తరువాత నాలుగు వారాలు ఆగి, ఆపైన వచ్చిన గుడ్లు పొదగవేయండి. పొడుస్తుందని చెప్పకుండా మరొక ఇంటికి అమ్మడం మాత్రం తగదు. మన ఇంటి ప్రమాదాన్ని వారి పిల్లల మీదికి తోసినట్లే అవుతుంది.

ఆ సభ్యురాలికి మరొక చిక్కు వచ్చింది. సంక్రాంతి పందేలకు ఆ పుంజును వేలు పోసి కొంటామని ఒకరు బేరానికి వచ్చారు. "ఇనస్పెక్టరు గారూ, ఆ డబ్బు వస్తే దాణా బాకీ తీరిపోతుందండీ" అని ఆమె అన్నది. కోళ్ళను పోట్లాటకు ఉసిగొల్పడం పైన చెప్పిన చట్టం ప్రకారమే నేరమని చెప్పాము. చెప్పడం సులభమే. ఆ బాకీ తీర్చే దారి మా చేతిలో లేదు. ఆమె రెండు రోజులు ఆలోచించి బేరం వద్దన్నది. పుంజు కనుమనాడు వారింట కూర అయింది.

బాకీ తీరడానికి వేసవిదాకా పట్టింది. తగ్గిన అర లీటరు మాత్రం నెల తిరగకుండానే సంఘం పుస్తకంలో మళ్ళీ కనిపించింది. ఆ పిల్ల కంటి కింద మచ్చ ఇప్పటికీ ఉన్నది. సంఘానికి వెళ్ళినప్పుడల్లా పాలచెంబుతో ఎదురై నవ్వుతుంది. మేము ఆ మచ్చను చూడకుండా ఉండలేము. మీ పెరటి పుంజు రెక్క వాల్చి అడుగులు వేసిన మొదటి రోజునే జాగ్రత్తపడండి. సంఘ సమావేశంలో ఈ పాఠం చదివి వినిపించవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము.