ఈ రోజు దేవుడు నీకెక్కడ కనిపించాడు?



అమెరికాలోని మన తెలుగు కతోలిక కుటుంబాల్లో చాలామంది పిల్లలు తమ తమ విచారణల్లో భద్రమైన అభ్యంగనానికి తయారవుతున్నారు. క్లాసులు, రిట్రీటు, ఒక పునీతుని గురించి వ్యాసం, సేవాగంటల లెక్క, అన్నీ సక్రమంగానే జరుగుతున్నాయి. పవిత్రాత్మ ఏడు వరాలు చెప్పమంటే పిల్లలు గడగడా అప్పజెబుతారు. ఆ పిల్లలనే "ఈ రోజు దేవుడు నీకెక్కడ కనిపించాడు?" అని అడిగి చూడండి. చాలామంది భుజాలు ఎగరేసి ఊరుకుంటారు.

తప్పు ఉపదేశకులది కాదు. బిడ్డ వాళ్ల దగ్గర ఉండేది వారానికి ఓ గంట. మిగతా రోజులన్నీ మన ఇంట్లోనే. బిడ్డలకు మొదటి, ముఖ్యమైన గురువులు తల్లిదండ్రులేనని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే క్రైస్తవ విద్య గురించిన ప్రకటనలో చెప్పింది. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు వెతకడం పిల్లలు మన దగ్గరే నేర్చుకోవాలి.

ముందు మన మాటతీరు ఒకసారి చూసుకుందాం. మన ఇళ్లలో దేవుని ప్రస్తావన ఎప్పుడు వస్తుంది? బిడ్డ అబద్ధమాడితే "దేవుడు చూస్తున్నాడు" అంటాం. పుస్తకాన్ని కాలితో తన్నితే "కళ్లు పోతాయి, లెంపలేసుకో" అంటాం. మంచి పని చేసినప్పుడు మాత్రం దేవుడు చూశాడని ఎందుకో చెప్పం! ఇలా పదేళ్లు విన్న బిడ్డకు దేవుడంటే మూలమలుపులో దాక్కుని టికెట్ రాసే పోలీసులా అనిపిస్తే ఆశ్చర్యమేముంది?

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగారు కథ పిల్లలతో కలిసి చదవండి. ఆమె దాసి, గర్భవతి, యజమానురాలి బాధలు పడలేక ఎడారికి పారిపోయింది. అక్కడ నీటిబుగ్గ దగ్గర దేవదూత ఆమెను పేరుపెట్టి పిలిచాడు. అప్పుడు ఆమె దేవునికి ఒక పేరు పెట్టింది: నన్ను చూచే దేవుడు. మనం బెదిరించడానికి వాడే మాటే ఆమెకు ఓదార్పు అయింది. కొత్త స్కూల్లో లంచ్ టేబుల్ దగ్గర ఒంటరిగా కూర్చునే బిడ్డకు, తన పేరును ఎవరూ సరిగ్గా పలకలేని బిడ్డకు వినిపించవలసింది ఈ కథే.

ఇక రోజూ చేయగలిగిన పని ఒకటుంది. 16వ శతాబ్దంలో లొయోలా పునీత ఇగ్నేషియస్ నేర్పిన ఆత్మపరిశీలన అది. రోజు ముగిసేటప్పుడు దేవుని సన్నిధిలో గడిచిన రోజును ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవడం. పిల్లలకు దీన్ని మూడు ప్రశ్నలుగా మార్చుకోవచ్చు. ఈ రోజు నీకు దేనికి కృతజ్ఞత చెప్పాలనిపించింది? ఎక్కడ నీ మనసు నొచ్చుకుంది, లేదా నువ్వు ఎవరినైనా నొప్పించావా? రేపు ఏ విషయంలో పవిత్రాత్మ సాయం కావాలి? ఐదు నిమిషాలు చాలు. జపమాల తర్వాత కుదరకపోతే స్విమ్మింగ్ క్లాసు నుంచి వచ్చేటప్పుడు కారులోనైనా సరే. తెలుగులో అడగండి, జవాబు ఇంగ్లీషులో వచ్చినా పర్వాలేదు. ఒక్కటే షరతు, ముందు మీరు జవాబు చెప్పాలి. "ఈ రోజు మీటింగులో కోపమొచ్చింది, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని నాన్న చెబితే పిల్లలు నోరు విప్పుతారు. మనం అడుగుతూ, వాళ్లు చెబుతూ ఉంటే అది ఇంకో హోంవర్క్ అయిపోతుంది.

కొన్ని వారాలకు వరాల పేర్లు వాటంతట అవే పనికొస్తాయి. స్నేహితులంతా ఒకణ్ణి ఎగతాళి చేస్తుంటే అమ్మాయి వాళ్లతో కలవలేదు. "అది దృఢత్వం తల్లీ, యెషయా 11వ అధ్యాయంలో ఉన్నది అదే" అని చెప్పండి. టీచరుకు చెప్పాలా వద్దా అని అబ్బాయి రెండు రోజులు తర్జనభర్జన పడ్డాడా? అక్కడ అడగవలసింది ఆలోచన అనే వరాన్ని. ముందు జీవితంలో చూసి తర్వాత పేరు నేర్చుకుంటే మరిచిపోరు.

ఈ సంస్కారాన్ని చదువు ముగిసిన పట్టాలా చూసే అలవాటు మనలో ఉంది. అమెరికాలో దీన్ని ఇచ్చే వయసు ఒక్కో మేత్రాసనంలో ఒక్కో రకం. కొన్నిచోట్ల మూడో తరగతి పిల్లలకే ఇస్తారు, కొన్నిచోట్ల హైస్కూలు దాకా ఆగుతారు. మన సీరో మలబారు సోదరులు పసిబిడ్డలకు జ్ఞానస్నానంతోపాటే ఇస్తారు. పట్టా అయితే పసివాడికి ఎలా ఇస్తారు? మేత్రాణులు నుదుట పూసే తైలం ఆలివు నూనెలో పరిమళ ద్రవ్యం కలిపి ఆశీర్వదించినది. అమ్మమ్మ తలంటినప్పుడు నూనె కుదుళ్లలోకి ఇంకినట్టు, ఆ వరం బిడ్డ జీవితంలోకి ఇంకాలి. దానికి రోజులు పడతాయి.

మరి బిడ్డ "నాకు ఏమీ కనిపించలేదు" అంటే? సరే అనండి, రేపు మళ్లీ చూద్దామనండి. బాలుడైన సమూవేలును దేవుడు పిలిచినప్పుడు అది దేవుని స్వరమని అతనికి తెలియలేదు. మూడుసార్లు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. మూడోసారికి గాని ఏలీకి కూడా అర్థం కాలేదు. అయినా చివరికి ఎలా జవాబు చెప్పాలో నేర్పింది ఆ ముసలి యాజకుడే.

పదిహేనేళ్ల బిడ్డ "నాకు నమ్మకం లేదు, నాకిది వద్దు" అంటే కేకలేయకండి. బంధువులను పిలిచాం, హాలు బుక్ చేశాం అన్నవి కారణాలు కావు. ఈ సంస్కారం పొందేవారు జ్ఞానస్నానపు మాటపట్టులను స్వయంగా నూతనపరచుకోవాలి, ఆ మాట మనం వాళ్ల తరఫున చెప్పలేం. బిడ్డను తీసుకెళ్లి ఫాదర్ గారితో మాట్లాడండి. ఒక ఏడాది ఆగవలసివస్తే పరువు పోయినట్టు భావించవద్దు.

తోడునిలిచే జ్ఞాన తల్లి లేక జ్ఞాన తండ్రి విషయంలోనూ తొందరపడవద్దు. సొంత తల్లిదండ్రులు ఉండకూడదు. వారు సాధారణంగా 16 ఏళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం పొంది, విశ్వాస జీవితం గడుపుతున్న కతోలికులై ఉండాలి. జ్ఞానస్నానంలో నిలిచినవారే అయితే ఇంకా మంచిదని శ్రీసభ చట్టం చెబుతోంది. గౌరవం కోసం ఎవరో పెద్దాయన్ని అడిగేకన్నా, రాత్రి పదింటికి కష్టమొస్తే మీ బిడ్డ ఎవరికి ఫోన్ చేయగలడో ఆలోచించండి. ఆ పేరు మీ బిడ్డనే చెప్పమనండి.