చిన్న తెగల్లో కరోనా ముప్పు: అండమాన్ అనుభవం

2020 ఆగస్టులో అండమాన్ దీవుల్లోని గ్రేట్ అండమానీ తెగలో పది మందికి కరోనా సోకినట్లు తేలింది. నగరంలోనైతే పది కేసులు పెద్ద వార్త కాదు. కానీ ఈ తెగ మొత్తం జనాభాయే యాభై పైచిలుకు. స్ట్రెయిట్ దీవిలో నివసించే వీరిలో కొందరు ఉద్యోగాల నిమిత్తం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళివస్తుంటారు. వైరస్‌కు ఆ దారి చాలు.

ఈ భయం కొత్తది కాదు. 1858లో బ్రిటిష్‌వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పేనాటికి గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవారు. బయటివారితో వచ్చిన సిఫిలిస్, 1877 నాటి తట్టు వంటి వ్యాధులు వారిని ఊడ్చేశాయి. 1961 నాటికి మిగిలింది 19 మందే.

మన జన్యువుల్లో దాదాపు ప్రతిదానికీ రెండు ప్రతులుంటాయి: తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. చిన్న తెగలో తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటే, ఆ రెండూ అచ్చంగా ఒకేలా ఉండే భాగాలు డీఎన్‌ఏలో పొడవుగా పేరుకుంటాయి. రోగనిరోధక జన్యువుల్లో ఇలా వైవిధ్యం తగ్గితే, కొత్త సూక్ష్మజీవిని గుర్తుపట్టే మార్గాలూ తగ్గుతాయి.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 227 సమూహాలకు చెందిన 1,600 మందికి పైగా వ్యక్తుల జన్యు సమాచారాన్ని పరిశీలించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. ఓంగే, జరావా తెగల్లో ఇటువంటి భాగాలు ఎక్కువని, వారికి కరోనా ముప్పు అధికంగా ఉండవచ్చని తెలిపారు. ఇది అంచనాయే సుమా! రోగ తీవ్రతను జన్యువులొక్కటే నిర్ణయించవు. వ్యాధి సోకిన గ్రేట్ అండమానీలు కోలుకున్నారు కూడా. అయితే జరావాల అడవి గుండా అండమాన్ ట్రంక్ రోడ్డు మీద వాహనాలు సాగుతూనే ఉన్నాయి.