ప్రార్థనలో పిల్లలు కుదురుగా కూర్చోకపోతే?

ప్రశ్న: మాది చిత్తూరు. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన చేస్తాం. నాలుగేళ్ల బాబు ఒకచోట కూర్చోడు, రెండేళ్ల పాప ఏడుపు. మావారు కసురుకుంటారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు వేళ మార్చండమ్మా. ఎనిమిదిన్నరకు చిన్నబిడ్డకు నిద్ర ముంచుకొస్తుంది, అది మొండితనం కాదు. పొద్దుగూకాక, అన్నానికి ముందు కూర్చోండి. ఐదు నిమిషాలు చాలు. పెద్దవాళ్ల దీర్ఘ ప్రార్థన పిల్లలు పడుకున్నాక చేసుకోవచ్చు.

పాటతో మొదలుపెట్టండి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా పాటల పైన రాగం, తాళం రాసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు కీర్తనలు కట్టింది మన బాణీల్లోనే. తాళం వేసే పని బాబుకి అప్పగించండి. చేతులకు పని దొరికితే కాళ్లు పరుగెత్తవు. తర్వాత, ఈరోజు దేనికి కృతజ్ఞత చెబుదామని అడగండి. మామిడిపండుకి అన్నా సరే, నవ్వకండి. అది నిజమైన ప్రార్థనే.

మీవారితో మార్కు సువార్త 10వ అధ్యాయం, 13 నుంచి 16 వచనాలు చదివించండి. పిల్లల్ని తెచ్చినవారిని గద్దించింది శిష్యులు. యేసు ఆ పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఈ రాత్రి పాపను మీవారి ఒళ్లోనే కూర్చోబెట్టండి.