గ్రంథాలయంలో చిత్రశాల: ఎవరి కోసం?

ఇంటి పన్ను రసీదును మనలో ఎంతమంది పూర్తిగా చదివి ఉంటారు? ఇంటి పన్ను, నీటి పన్ను, దీపాల పన్ను వరుసలో గ్రంథాలయ పన్ను అని ఒక చిన్న పద్దు ఉంటుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం పెట్టిన పద్ధతి అది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలై జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. అంటే ఏడాదికి వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం ఎనభై రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నదన్న మాట. ఆ ఇంట్లో చదవడం వచ్చినవాళ్ళు ఉన్నారా, లేరా అని చట్టం అడగదు.

మాది వ్యవసాయ కుటుంబం. మా అమ్మ సంతకం పెడుతుంది గాని చదవలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయం బస్టాండుకు పోయే దారిలోనే ఉంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆమె ఆ గుమ్మం ముందు నుంచే నడుస్తున్నది, ఒక్కసారీ మెట్టెక్కలేదు. ఎవరూ వద్దనలేదు. కాని లోపల ఆమె కోసం ఏముంది? పన్ను మాత్రం మా నాన్న ఏటా కడుతూనే ఉన్నాడు.

మరి ఆమె వాటా ఆమెకు ముట్టేది ఎలా? చదువు నేర్పడం మొదటి జవాబు. దాన్ని ఎవరూ కాదనరు. చదువు వచ్చేదాకానూ, వచ్చిన తరువాత కూడానూ పనికొచ్చే రెండో జవాబు ఇంకొకటి ఉంది. గ్రంథాలయం గోడల్నీ, బల్లల్నీ ఊరి ప్రజల చిత్రాలకు, చేతిపనులకు, వస్తువులకు ఇవ్వడం. ఈ పద్ధతి ఎక్కడ ఎలా నడిచిందో, మన దగ్గర ఎలా నడపవచ్చో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నెవార్క్ నగర గ్రంథాలయం

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ పేరు మనకు కొత్త కాదు. మన పూర్వ విద్యార్థుల్లో కొందరు అక్కడి విమానాశ్రయంలో దిగే ఉంటారు. 1910 నాటికి అది మూడున్నర లక్షల జనాభా గల కర్మాగారాల నగరం. తోళ్ళ పరిశ్రమకూ, నగల తయారీకీ పేరు పొందింది. పనివాళ్ళలో చాలామంది ఐరోపా దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంగ్లీషు పుస్తకం ముందు వాళ్ళ పరిస్థితి, తెలుగు పుస్తకం ముందు మా అమ్మ పరిస్థితి ఒకటే.

1902లో జాన్ కాటన్ డానా (1856–1929) అక్కడ గ్రంథాలయాధికారిగా చేరాడు. పుస్తకం ఒక్కటే జ్ఞానాన్ని మోసుకొస్తుందని ఆయన అనుకోలేదు. పత్రికల్లోని బొమ్మల్ని కత్తిరించి, అట్టలకు అంటించి, విషయాల వారీగా సర్ది, పుస్తకాల మాదిరిగానే ఇళ్ళకు అరువిచ్చే ఏర్పాటు చేశాడు. గ్రంథాలయ భవనం పై అంతస్తులో ప్రదర్శనలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళోనే మందుల వ్యాపారం చేసే జార్జి రాక్‌వెల్ సేకరించిన జపాను కళాఖండాలను ఆధారం చేసుకుని 1909లో నెవార్క్ మ్యూజియం సంఘం ఏర్పడింది. 1926లో సొంత భవనం వచ్చేదాకా ఆ మ్యూజియం గ్రంథాలయంలోనే ఉంది. ఆ భవనం కట్టించి ఇచ్చింది నగరంలో పెద్ద దుకాణం నడిపిన లూయీ బాంబర్గర్.

ఇంతవరకు విశేషమేమీ లేదనవచ్చు. విశేషమల్లా ఆయన ప్రదర్శించిన వస్తువుల్లో ఉంది. 1915లో న్యూజెర్సీ మట్టితో తయారయ్యే వస్తువుల ప్రదర్శన పెట్టాడు. పూలకుండీల పక్కన ఇటుకలు, పెంకులు, చివరికి మరుగుదొడ్డి పింగాణీ కూడా పెట్టాడు! వాటిని తయారు చేసే కార్మికుడు తన చేతిపనిని కళాఖండాల సరసన చూసుకున్నాడు. 1916లో బట్టల పరిశ్రమల వంతు వచ్చింది. ఆ ఏడాదే వలస కుటుంబాలు తమ స్వదేశాల నుంచి తెచ్చుకున్న వస్తువులతో మరొక ప్రదర్శన జరిగింది. 1928లో పది సెంట్లకు మించని అంగడి సామాన్లలో అందమైనవి ఏరి, అద్దాల బీరువాల్లో పెట్టాడు.

అందం ధరలో లేదనీ, దూరదేశాల నుంచి కొనితెచ్చిన చిత్రాల ముందు జనం నోరు మెదపకుండా నడిచిపోతే ఊరికి ఒరిగేదేమీ లేదనీ డానా వాదం. 1917లో ఆయన రాసిన రెండు చిన్న పుస్తకాల సారాంశం కూడా ఇదే. చూడవచ్చినవాడు తనకు తెలిసిన వస్తువును మొదట చూడాలి, దాన్ని ఆసరా చేసుకుని తెలియనిదాని దగ్గరికి పోవాలి. మన మేష్టార్లు తెలిసినదాని నుంచి తెలియనిదానికి అని చెప్పే బోధనా సూత్రమే ఇది.

బరోడా నుంచి మన కాలువల దాకా

అమెరికా సంగతి మనకెందుకు అంటారేమో. ఆ గాలి మన దేశానికి ఎప్పుడో వీచింది. బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గైక్వాడ్ 1906లో అమెరికా వెళ్ళి అక్కడి గ్రంథాలయాలు చూశాడు. 1910లో డబ్ల్యు. ఎ. బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథాలయాధికారిని పిలిపించి తన సంస్థానంలో గ్రంథాలయ శాఖను నెలకొల్పాడు. చదువు రాని పల్లె ప్రజల కోసం ఆ శాఖలో బొమ్మల ద్వారా బోధించే విభాగం ఒకటి ఉండేది. మ్యాజిక్ లాంతరు పలకలు, జంటబొమ్మల దర్శినులు, సినిమా యంత్రం ఊరూరా తిరిగేవి. గ్రంథాలయం అంటే చదువుకున్న వారి సొత్తు కాదని ఒక సంస్థానం ఆనాడే ఒప్పుకున్నదన్న మాట.

మన ఆంధ్రదేశంలో 1914లో గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వారు దానికి జీవితాలు ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పుస్తకాల పడవ నడిపించారు. మనిషి గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే మనిషి దగ్గరికి పోవాలని ఆ పడవ చెప్పింది. అయితే ఆ పడవ ఆగిన రేవులో నిలబడి, చదవలేక ఊరికే చూసిన వాళ్ళ సంగతి మనం ఇంకా తేల్చవలసే ఉంది.

నిజానికి ఆ సంగతి మనవాళ్ళకు పూర్వం నుంచీ తెలుసు. తెలంగాణలోని చేర్యాల పటాలు చూడండి. ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూత పూసి, దాని మీద నకాషీ చిత్రకారులు కథను వరుస బొమ్మలుగా వేస్తారు. కథ చెప్పేవాడు పటం విప్పుతూ, బొమ్మ చూపిస్తూ పాడతాడు. గౌడులకు గౌడ పురాణం, పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకళ్ళకు మడేల్ పురాణం, మాదిగలకు జాంబ పురాణం, ఇలా ఎవరి కథ వారికి ఉంది. అక్షరం ముక్క రాకపోయినా తమ పుట్టుపూర్వోత్తరాలను కళ్ళతో చదువుకున్నారు. ఇది నెవార్క్‌లో లేని గొప్ప సౌకర్యం. డానా వస్తువు పక్కన చీటీ అంటించాడు. చీటీ చదవడానికి కూడా అక్షరాలు రావాలి. మన పటం పక్కన మనిషి ఉన్నాడు. బొమ్మ, బొమ్మను చెప్పే నోరు రెండూ ఉంటేనే చదువు రాని వారికి ప్రదర్శన పూర్తవుతుంది.

ఇక చిత్రశాలల మాట. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు (1897–1925) పేరిట చిత్రశాల ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళకే మశూచితో పోయిన ఆ చిత్రకారుణ్ణి ఆ ఊరు ఈనాటికీ తన బిడ్డగా చెప్పుకుంటున్నదంటే ఆ బొమ్మలు ఆ ఊళ్ళోనే ఉండడం ఒక కారణం. ప్రతి ఊరికీ రామారావు ఉండకపోవచ్చు. కాని కుండ చేసే చేయి, చాప అల్లే చేయి, పండక్కి నిలువెత్తు రథం ముగ్గు వేసే చేయి లేని ఊరు ఉందా?

వెలుతురు, తేమ, చీటీ

విజ్ఞాన శాస్త్ర విద్యార్థిగా కొన్ని జాగ్రత్తలు చెప్పడం నా విధి. చిత్రానికి మొదటి శత్రువు వెలుతురే. నీటిరంగు చిత్రాలకు, కాగితానికి, రంగుల బట్టలకు 50 లక్సుల వెలుతురు మించకూడదని మ్యూజియాలు పాటించే నియమం. నూనెరంగు చిత్రాలకు 200 దాకా ఫరవాలేదు. మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. రంగుకు జరిగే నష్టం వెలుతురు తీవ్రత మీదా, అది పడిన కాలం మీదా, రెంటి లబ్ధం మీద ఆధారపడుతుంది. లెక్క వేయండి: ఒక్క గంట ఎండ, 50 లక్సుల వెలుతురులో 2,000 గంటలకు సమానం. రోజుకు ఎనిమిది గంటలు తెరిచే గదిలో అది 250 రోజులు! ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల అసలు నష్టం ఇంకా ఎక్కువే. పసుపుతో అద్దిన రంగు తొందరగా వెలిసిపోతుంది, నీలిమందు చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి కిటికీకి ఎదురు గోడ పనికిరాదు. పక్క గోడ మేలు.

రెండో శత్రువు తేమ. వానాకాలం చెమ్మ ఎక్కే గోడకు పటాన్ని ఆనించి తగిలించకూడదు. వెనుక నాలుగు మూలలా చెక్క ముక్కలు పెట్టి అంగుళం ఎడం ఇస్తే గాలి ఆడుతుంది. పాత ఫోటోలకు ప్లాస్టరు టేపు అసలే వాడరాదు. దాని జిగురు కొన్నాళ్ళకు పసుపుపచ్చని మరక అవుతుంది. కాగితపు మూలల్లో ఫోటో దోపితే చాలు. పటం మధ్యభాగం నేల నుంచి అయిదు అడుగుల ఎత్తులో ఉంటే పెద్దలకు మెడ నొప్పి ఉండదు. పిల్లల బొమ్మలు ఇంకా కింద పెట్టాలి.

చీటీ మీద మూడు వాక్యాలు చాలు. ఏమిటి, ఎవరు చేశారు, దేనికి వాడతారు. వస్తువు ఇచ్చినవారు ఆ వస్తువును ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే రాయాలి.

కొన్ని ఆక్షేపణలు

గ్రంథాలయాల్లో ఇప్పుడు కుర్చీ దొరకడమే కష్టం, ఉద్యోగ పరీక్షలకు చదివే వాళ్ళతో పొద్దున్నుంచే నిండిపోతున్నాయి, ఈ బొమ్మల గొడవ దేనికి అని కొందరు అనవచ్చు. న్యాయమైన మాటే. నా స్నేహితులు కొందరు ఆ కుర్చీల మీదే భవిష్యత్తు చూసుకుంటున్నారు. వారి కుర్చీ ఒక్కటి కూడా కదలనక్కర లేదు. గోడ ఖాళీగానే ఉంది. వస్తువుల గురించి చెప్పే కార్యక్రమం ఆదివారం సాయంత్రం ఒక గంట, వరండాలో జరిపితే చదువుకు భంగం రాదు.

రెండో ఆక్షేపణ బరువైనది. ఎవరి వస్తువు ముందు పెడతారు? ఊళ్ళో పెద్ద వీధి వారి పటాలే గోడంతా నిండితే, గ్రంథాలయం మళ్ళీ వాళ్ళదే అవుతుంది. పూర్వం పటం కథ ఏ కులానిది ఆ కులం ముంగిట్లోనే జరిగింది. గ్రంథాలయం గోడ అందరి పన్నుతో కట్టినది. అందుచేత వాడల పేర్లు చీట్లు వేసి, వచ్చిన వరుసనే నెలకొక వాడకు ఇవ్వాలి. ఒక వాడ నెలలో మిగతా వాడలు చూడవచ్చేలా చాటింపు వేయాలి. తన నెలలో చూపించడం ఎంత ముఖ్యమో, ఎదుటివాడి నెలలో వెళ్ళి చూడడం అంతకంటే ముఖ్యం.

ఇక దొంగతనం భయం. అరువు పుస్తకానికి ఉన్నట్టే వస్తువుకూ రిజిస్టరు ఉండాలి. తెచ్చిన రోజు, ఇచ్చినవారి పేరు, తిరిగి తీసుకున్న సంతకం. వేలిముద్ర అయినా సరే. విలువైన నగలు, దేవతా విగ్రహాలు తీసుకోకపోవడం ఉత్తమం.

మనం చేయదగినది

మన విద్యార్థి సంఘం వచ్చే విద్యా సంవత్సరంలో ఊరి గ్రంథాలయాధికారి గారిని అడిగి ఒక గోడ, ఒక బల్ల సంపాదించాలని నా విన్నపం. మొదటి నెలకు నా సూచన సేద్యపు పనిముట్లు. గొర్రు, గుంటక, జడ్డిగం, కాడి, చేట, జల్లెడ. ట్రాక్టర్లు వచ్చాక ఇవన్నీ చావిళ్ళ అటకల మీద చెద పడుతున్నాయి. భౌతికశాస్త్ర విద్యార్థులు తూర్పారబట్టడంలో గాలి నిరోధం పనిచేసే తీరును బొమ్మ గీసి పక్కన పెట్టవచ్చు. వృక్షశాస్త్రం వారు పాత విత్తన రకాలు సేకరించవచ్చు.

కాని జడ్డిగం గురించి చెప్పవలసింది మనం కాదు. గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలో గింజలు వదలడం మా ఇంట్లో అమ్మ పని. పిడికిలి ఎంత సడలిస్తే మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం వస్తుందో ఆమె వేళ్ళకు తెలుసు. అన్ని సాళ్ళకూ సమంగా గింజ పడేది ఆ లెక్క వల్లనే. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఆమె, ఆమె వంటివారు ఆ బల్ల పక్కన నిలబడి చెబుతుంటే, డిగ్రీ చదివే మనం, పాఠం చెప్పే మన అధ్యాపకులు విని రాసుకోవాలి. అప్పుడు రసీదు మీది ఎనిమిది పైసల లెక్క కొంతైనా సరిపోతుంది.