పచ్చ లైటు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ రోజున గేటు దగ్గర ఇద్దరు నాన్నగార్లు మాట్లాడుకోవడం నా చెవిన పడింది. "మీ కారు ఎంత ఇస్తోందండీ?" అని ఒకరు అడిగారు. "స్క్రీన్ మీద పద్దెనిమిది చూపిస్తోంది గానీ, బంకు లెక్క వేస్తే పదహారు దాటడం లేదు" అన్నారు రెండోవారు. పది నిమిషాల తర్వాత ఆ రెండోవారే నా ముందు కుర్చీలో కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న: "మావాడికి ఈ వారం ఎంతొచ్చింది మేడం?"

ముందు నవ్వొచ్చింది. ఇంటికెళ్లాక మాత్రం ఆలోచనలో పడ్డాను. మైలేజీ అయినా మార్కులైనా మనం చూసేది ఒక అంకెనే. ఆ అంకె మనకు సాయం చేస్తుంది. ఒక్కోసారి దారి కూడా తప్పిస్తుంది. అందుకే ఈ నెల "ఇంటి పాఠం"లో మీ బండి మైలేజీ మీటర్ గురించి మాట్లాడుకుందాం. మీ పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. తొమ్మిదో తరగతి ఫిజిక్స్‌లోని పని, శక్తి, లెక్కల్లోని సగటు, రెండూ ఇందులోనే ఉన్నాయి.

మీటర్‌కి ఎలా తెలుస్తుంది?

ఎలక్ట్రానిక్ స్క్రీన్లు రాకముందు కొన్ని కార్లలో ఒక ముల్లు ఉండేది. ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టంలో వాక్యూమ్ ఎంతుందో అది చూపేది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ముల్లు "ఎక్కువ తాగుతోంది" అన్న వైపుకి వాలుతుంది. ఇప్పటి కార్లలో ఆ పని కంప్యూటర్ చేస్తుంది. పెట్రోలును ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్టర్ ప్రతిసారీ ఎన్ని మిల్లీ సెకన్లు తెరుచుకుందో దానికి తెలుసు. దాన్నిబట్టి ఎంత పెట్రోలు పోయిందో అంచనా వేస్తుంది. బండి ఎంత దూరం కదిలిందో చక్రాల నుంచి తెలుసుకుంటుంది. దూరాన్ని పెట్రోలుతో భాగిస్తుంది. అంతే!

ఇది అంచనా కాబట్టే స్క్రీన్ లెక్కకీ బంకు లెక్కకీ కొంచెం తేడా వస్తుంది.

చాలా కార్లలో రెండు అంకెలుంటాయి. ఒకటి ఈ క్షణానిది, రెండోది సగటు. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపకుండా నిలబడ్డారనుకోండి, పెట్రోలు ఖర్చవుతోంది, దూరం సున్నా. కాబట్టి ఆ క్షణం మైలేజీ కూడా సున్నాయే. గేర్‌లో ఉండగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశారనుకోండి, ఈ కాలం ఇంజెక్షన్ ఇంజన్లు చాలావరకు పెట్రోలు చిమ్మడమే ఆపేస్తాయి. మీటర్ అమాంతం పైకి వెళ్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుందని చాలామంది నమ్మకం. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా తిరగాలంటే దానికి పెట్రోలు కావాలి. గేర్‌లో ఉంటే దొరికే ఇంజన్ బ్రేకింగూ పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అంటే మిగిలేదేమీ లేదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

మీటర్ మన కాలిని మారుస్తుందా?

మారుస్తుంది. కారణం చాలా సింపుల్. బంకులో కట్టే బిల్లు వారానికో పదిహేను రోజులకో వస్తుంది. ఏ బ్రేకు వల్ల ఎంత పోయిందో అది చెప్పదు. మీటర్ మాత్రం తప్పు చేసిన ఆ సెకనులోనే చెప్తుంది. చేసిన పనికీ, దాని ఫలితం తెలియడానికీ మధ్య సమయం ఎంత తగ్గితే నేర్చుకోవడం అంత తేలికవుతుంది. ఎర్రపెన్నుతో దిద్దిన కాపీ మర్నాడే చేతికిస్తే పిల్లలు తప్పు దిద్దుకుంటారు. రెండు నెలల తర్వాత ఇస్తే మార్కులు మాత్రమే చూసి సంచిలో పెట్టేసుకుంటారు.

1997 డిసెంబరులో జపాన్‌లో టొయోటా ప్రియస్ కారు మార్కెట్లోకి వచ్చింది. ఇంజన్, మోటార్, బ్యాటరీల మధ్య శక్తి ఎటు నుంచి ఎటు పోతోందో చూపే స్క్రీన్ అందులో ఉంది. 2009లో వచ్చిన హోండా ఇన్‌సైట్‌లో జాగ్రత్తగా నడిపితే స్పీడోమీటర్ వెనక రంగు నీలం నుంచి పచ్చగా మారేది, స్క్రీన్ మీద ఆకులు పెరిగేవి. ఆ రోజుల్లోనే ఫోర్డ్ ఫ్యూజన్ హైబ్రిడ్‌లోనూ ఇలాగే ఆకులు మొలిచేవి. మన దగ్గర కొన్ని స్కూటర్ల మీటర్‌లో వెలిగే పచ్చ లైటు కూడా ఇదే కుటుంబానిది.

ఆ మీటర్లు నేర్పే పాఠం ఏమిటి? ముందుచూపు. రెండు వందల మీటర్ల దూరంలో ఎర్ర సిగ్నల్ కనిపిస్తున్నా స్పీడుగా వెళ్లి గట్టిగా బ్రేకు కొట్టేవాళ్లున్నారు. పెట్రోలు పోసి సంపాదించిన గతిశక్తి అంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుందని తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగితే చెప్తారు. గాలి అడ్డుకునే బలం కూడా అంతే, అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 90కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి అడ్డు మాత్రం 2.25 రెట్లు.

అంకె మోసం చేసే రెండు చోట్లు

మొదటిది సగటు. మీ కారు పది కిలోమీటర్ల ఘాట్ ఎక్కేటప్పుడు లీటరుకి 10, దిగేటప్పుడు లీటరుకి 30 ఇచ్చిందనుకుందాం. సగటు ఎంత? క్లాసులో అడిగితే దాదాపు అందరూ "20" అంటారు. పెట్రోలు లెక్క వేద్దాం. ఎక్కడానికి 1 లీటరు, దిగడానికి లీటరులో మూడో వంతు. మొత్తం 20 కిలోమీటర్లకి ఒకటీ మూడో వంతు లీటర్లు. భాగిస్తే 15 వస్తుంది, 20 కాదు.

రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. నాన్నగారి పాత కారు లీటరుకి 10 నుంచి 12కి పెరిగింది. అన్నయ్య బైకు 40 నుంచి 60కి పెరిగింది. ఇద్దరూ నెలకి 600 కిలోమీటర్లు తిరుగుతారు. ఎవరికి ఎక్కువ పెట్రోలు మిగిలింది? చూడగానే "బైకుకే" అనిపిస్తుంది. కారు ఇంతకుముందు 60 లీటర్లు తాగేది, ఇప్పుడు 50. మిగిలింది 10 లీటర్లు. బైకు 15 నుంచి 10కి తగ్గింది. మిగిలింది 5 లీటర్లే! 2008లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 'సైన్స్' పత్రికలో ఈ పొరపాటు గురించే రాశారు. "లీటరుకి ఎన్ని కిలోమీటర్లు" అన్న పద్ధతిలో చూస్తే మన మనసు పొరబడుతుంది. "వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు" అని తిప్పి చూస్తే నిజం కనిపిస్తుంది. యూరప్‌లో చాలా దేశాలు అలాగే లెక్కిస్తాయి.

అంటే మీటర్ అబద్ధం చెప్పకపోయినా, మనం దాన్ని తప్పుగా చదవగలం.

నా స్కూటర్ కథ

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈఎంఐ మీద స్కూటర్ కొనుక్కున్నాను. పోరంకి నుంచి బందరు రోడ్డు మీద స్కూలుకి వచ్చేదాన్ని. మీటర్‌లో పచ్చ లైటు వెలిగితే పొదుపుగా నడుపుతున్నట్టు. మొదటి నెలలో అది నాకు మంచి గురువు. థ్రాటిల్ మెల్లగా తిప్పడం, ముందున్న ఆటోకి కాస్త దూరంగా ఉండటం, అన్నీ అదే నేర్పింది. పెట్రోలు ఖర్చు కూడా తగ్గింది.

రెండో నెలకి అది గురువుగా కాక ఆటగా మారింది. ఇంటి నుంచి స్కూలు దాకా ఎన్నిసార్లు ఆరిపోయిందో లెక్కపెట్టుకునేదాన్ని. ఒక రోజు జంక్షన్ దగ్గరికి వస్తుంటే సిగ్నల్ పసుపులోకి మారింది. ఆగొచ్చు, టైము కూడా ఉంది. ఆగితే మళ్లీ బయల్దేరేటప్పుడు థ్రాటిల్ తిప్పాలి, తిప్పితే పచ్చ లైటు ఆరిపోతుంది. ఆగలేదు. అంతలో మనవడి చెయ్యి పట్టుకుని ఒక తాతగారు రోడ్డు మీద అడుగు పెట్టారు. రెండు బ్రేకులూ పట్టేశాను. బండి కాస్త జారింది. జానెడు దూరంలో ఆగాను. పిల్లాడి వాటర్ బాటిల్ కింద పడి దొర్లుకుంటూ పోయింది.

"అంత తొందరేమిటమ్మా?" అన్నారాయన.

నాకు తొందర లేదు. నలభై దాటి వెళ్లడం లేదు. ఒక చిన్న లైటు ఆరిపోతుందని ఆగలేదు. ఆ మాట ఆయనకి ఎలా చెప్పను?

ఇది నా ఒక్కదాని పిచ్చి కాదని తర్వాత తెలిసింది. మైలేజీ పెంచడం కోసం రకరకాల చిట్కాలతో బండి నడపడాన్ని అమెరికాలో "హైపర్‌మైలింగ్" అంటారు. 2008లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ ఆ మాటనే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. గాలి అడ్డు తగ్గుతుందని పెద్ద లారీలకి బాగా దగ్గరగా వెనకాలే నడిపినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. చార్లెస్ గుడ్‌హార్ట్ అని ఇంగ్లండు ఆర్థికవేత్త ఒకాయన ఉన్నారు. ఒక కొలతనే గురిగా పెట్టుకుంటే అది మంచి కొలతగా పనికిరాకుండా పోతుందన్న సూత్రం ఆయన పేరు మీదే ఉంది. పచ్చ లైటు పెట్రోలు గురించి చెప్పగలదు. రోడ్డు దాటుతున్న తాతగారి గురించి చెప్పలేదు. అది చూడాల్సింది నా కళ్లే.

క్లాసులో అదే లైటు

ఈ ఏడాది మా తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయికి ప్రాక్టీస్ యాప్‌లో 96 శాతం ఉండేది. పచ్చటి రింగు. అభినందిద్దామని తెరిచి చూస్తే, చేసిన నలభై లెక్కలూ "సులువు" అన్న వరసలోవే. ఎందుకని అడిగాను. "కష్టమైనవి చేస్తే తగ్గిపోతుంది మేడం. నాన్న రోజూ సాయంత్రం చూస్తారు" అన్నాడు.

కోప్పడలేకపోయాను. నేను జంక్షన్ దగ్గర చేసింది కూడా అదే.

ఆ రాత్రి వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. "సార్, రెండు వారాలు వాడి చేత కష్టమైన లెక్కలే చేయిస్తాను. అంకె పడిపోతుంది. దయచేసి పడనివ్వండి" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే ఘాట్ ఎక్కుతున్నాడన్నమాట. ఎక్కేటప్పుడు మైలేజీ రాదుగా!" అన్నారు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

మొదటి వారం పదింటిలో మూడే వచ్చాయి. రెండో వారం ఐదు. పెద్ద అద్భుతమేమీ జరగలేదు. కానీ జూన్ నుంచి ఒక్క సందేహమూ అడగని పిల్లాడు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నోట్‌బుక్ చాపి, "ఇక్కడిదాకా వచ్చాను మేడం, తర్వాత తెలియడం లేదు" అన్నాడు. ఆ అడుగు ఏ రింగులోనూ కనిపించదు.

యాప్ చూడొద్దని చెప్పడం లేదు. తప్పకుండా చూడండి. వారం టెస్టు ఆ క్షణం మీటర్ లాంటిది, ఎత్తుపల్లాలు సహజం. దాన్ని చూశాక "ఎందుకు తగ్గింది?" అని అడిగే ముందు "ఏ లెక్క దగ్గర ఆగిపోయావు నాన్నా?" అని అడిగి చూడండి.

ఈ నెల ఇంటి పని: మీరూ, మీ పిల్లలూ

1. బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్ చేయించండి. ఓడోమీటర్ అంకెను మీ పిల్లల చేత రాయించండి.

2. రెండు వారాలు ఎప్పటిలాగే నడపండి. మళ్లీ అదే బంకులో ఫుల్ చేయించి, తిరిగిన దూరాన్ని పోయించిన లీటర్లతో భాగించమనండి. స్క్రీన్ చూపిన సగటుతో పోల్చమనండి.

3. తర్వాతి రెండు వారాలు మెల్లగా వేగం పెంచడం, సిగ్నల్ దూరంగా ఉండగానే కాలు తీయడం, ఎక్కువసేపు ఆగితే ఇంజన్ ఆపడం పాటించండి. దారి, టైర్ల గాలి రెండు విడతల్లోనూ ఒకేలా ఉండాలి. లేకపోతే ప్రయోగం చెల్లదు!

4. రెండు ఫలితాలనూ "వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు" అని మార్చి రాయించండి.

5. కారులో వెళ్లేటప్పుడు మీటర్ చదవడం పక్కన కూర్చున్నవారి పని. నడిపేవారి చూపు రోడ్డు మీదే ఉండాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

లెక్కలు రాసిన కాగితాన్ని పిల్లల డైరీలో పెట్టి పంపండి. మైలేజీ పెరగకపోయినా పంపండి. ఎందుకు పెరగలేదో పిల్లలు రాసే రెండు వాక్యాలే నాకు ఎక్కువ ముఖ్యం. వాటిని క్లాసులో చదివి మాట్లాడుకుంటాం.

నా స్కూటర్‌కి ఆ పచ్చ లైటు ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ చూస్తాను. జంక్షన్ దగ్గర మాత్రం ముందు రోడ్డు చూస్తాను.

మీ
ఫిజిక్స్ టీచర్, తొమ్మిదో తరగతి