ముందు చక్రాల దగ్గర చప్పుడా? మిషిగన్‌కు కొత్తగా వచ్చినవారికి

మా చింతమడక నుంచి సిద్దిపేటకు, అక్కడి నుంచి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాద్‌కు వెళ్లి విమానమెక్కే పిల్లలకు ఈ నాలుగు మాటలు. మిషిగన్‌లో దిగాక మీరు కొనేది చాలావరకు పదేళ్లు తిరిగిన పాత కారే. ఇక్కడి చలికాలంలో రోడ్డు పగుళ్లలోకి దిగిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బుతాయి, కరిగాక గుంతలు మిగులుతాయి. మంచు కోసం చల్లే ఉప్పు బండి కింది ఇనుమును తినేస్తుంది. అందుకే చలి తగ్గేసరికి చాలా పాత బండ్లు ముందు చక్రాల దగ్గర చప్పుడు చేస్తాయి.

సిద్దిపేటలో బండి ఆపగానే మెకానిక్ అడిగే మొదటి మాట గుర్తుందా? "సప్పుడు ఎప్పుడొస్తుందన్నా? బ్రేకు కొడితెనా, తిప్పితెనా, గుంతల్ల వడితెనా?" ఆ ప్రశ్నను వెంట తెచ్చుకోండి. నా మొదటి చలికాలంలో నేను దాన్ని మరిచిపోయి, షాపుకెళ్లి ముందు షాకప్సర్ల గురించి "స్ట్రట్లు పోయాయి, మార్చండి" అన్నాను. మార్చారు. డబ్బు పోయింది, లటలట మాత్రం పోలేదు. పాడైంది వాటి పక్కనున్న చిన్న జంపింగ్ రాడ్.

చప్పుడు చెప్పే సంగతి

చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతుంటే లటలటమంటే ముందు జంపింగ్ రాడ్‌ను అనుమానించండి. స్పీడ్ బ్రేకర్‌ను రెండు చక్రాలతో ఒకేసారి ఎక్కించండి, తర్వాత ఒక్క చక్రంతో ఎక్కించండి. మొదటిసారి చప్పుడు రాక, రెండోసారి వస్తే దాదాపు అదే. రెండు చక్రాలూ సమానంగా లేచినప్పుడు రెండు వైపుల రాడ్లను కలుపుతూ అడ్డంగా ఉండే కడ్డీ మెలితిరగదు, రాడ్ మీద బలం పడదు.

బ్రేకు కొట్టినప్పుడో, బండి కదిలినప్పుడో ఒక్కసారి ధబ్‌మంటే లోయర్ ఆర్మ్ బుష్ చూడాలి. బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే కిర్రుమని, స్ప్రింగ్ టంగుమంటే షాకప్సర్ పైనుండే మౌంటింగ్ బేరింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలిస్తే టక్ టక్ టక్‌మంటే యాక్సిల్ సీవీ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి, చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. వేగంతోపాటు పెరిగే గుయ్‌మనే మోత వీల్ బేరింగ్‌ది గానీ టైర్‌ది గానీ అవుతుంది. బ్రేకు మెల్లగా తొక్కగానే చప్పుడు ఆగితే సస్పెన్షన్ జోలికి పోకండి, ముందు బ్రేకులు చూపించండి.

చేత్తో చూసే పద్ధతి

చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండ్ మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు. గడియారంలో 12, 6 ఉండే చోట్ల చక్రాన్ని పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ. 9, 3 దగ్గర మాత్రమే ఆడితే టై రాడ్. స్నేహితుడు ఊపుతుంటే మీరు ఒక్కో జాయింట్ మీద వేళ్లు ఆనించండి. అరిగిన జాయింట్ దగ్గర వేలికి టక్కుమని తగులుతుంది. బాల్ జాయింట్ అని తేలితే బండి నడపకండి, టో చేయించండి. అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగ్ మాట వినదు.

షాపులో మాట్లాడేటప్పుడు

మన పేర్లు ఇక్కడ మారిపోతాయి. జంపింగ్ రాడ్‌ను స్వే బార్ లింక్ అంటారు. లోయర్ ఆర్మ్ కంట్రోల్ ఆర్మ్, ముందు షాకప్సర్ స్ట్రట్. అయినా సామాను పేరు చెప్పకండి, చప్పుడు ఎప్పుడొస్తుందో చెప్పండి. మిషిగన్‌లో రిపేర్ షాపు రాష్ట్రం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, మెకానిక్‌కు సర్టిఫికెట్ ఉండాలి. పని మొదలుపెట్టకముందే ఖర్చు అంచనా రాతలో తీసుకోండి, మార్చిన పాత సామాను చూపించమనండి. బండిని గుర్తించే 17 అక్షరాల, అంకెల విన్ నంబర్‌తో రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ ఇచ్చిన పిలుపు, ఉందేమో వెతకండి. ఉంటే డీలర్ దగ్గర ఆ రిపేర్ సాధారణంగా ఉచితం.

స్ట్రట్లు రెండు వైపులా కలిపి మార్చాలి. స్ట్రట్, ఆర్మ్, టై రాడ్ ఏది మార్చినా అలైన్‌మెంట్ చేయించాలి. సొంతంగా చేసుకునేవారికి ఒక జాగ్రత్త: ఆర్మ్ బుష్ బోల్టును బండి బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి, కొత్త బుష్ త్వరగా చిరుగుతుంది. చక్రం నట్లను 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి.

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో సస్పెన్షన్ కూడా చూస్తారు. మిషిగన్‌లో సొంత కార్లకు అలాంటి పరీక్ష లేదు. టెక్సాస్‌లోనూ 2025 జనవరి 1 నుంచి భద్రత పరీక్ష తీసేశారు. కాబట్టి మీ బండిని మీరే కనిపెట్టుకోవాలి.

ఈ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు పాట ఆపి, అద్దాలు దించి, ఏదైనా గోడ పక్కగా నెమ్మదిగా నడపండి. గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఎప్పుడు, ఏ పక్క, ఎంత వేగంలో వచ్చిందో బండి ఆపాక ఫోన్‌లో రాసుకోండి. రేపు షాపులో ఆ మూడు మాటలు చెబితే చాలు.