శనగగింజంత ముక్కలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇటాలియన్ చాప్డ్ సలాడ్ గురించే. పిల్లలు బయట తినొచ్చి ఇంట్లో చెయ్యమని పేచీ పెడుతున్నారట. ఒకే రకం సందేహాలను కలిపేసి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: అక్కా, లెట్యూస్, టమాటా, కీరదోస, చీజ్ అన్నీ తరిగి డ్రెసింగ్ కలిపి పెట్టాను. అందరూ భోజనానికి కూర్చునేసరికి గిన్నె అడుగున నీళ్లు, పైన వాడిపోయిన ఆకులు. హోటల్లో కరకరలాడేది ఇంట్లో ఎందుకిలా అవుతోంది?
— గృహిణి, విజయవాడ

జవాబు: అదంతా తడి చేసే పని. ఐస్‌బర్గ్ లెట్యూస్‌లో నూటికి 95 పాళ్లు నీళ్లే. టమాటా, కీరా కూడా ఇంచుమించు అంతే. ఉప్పు తగిలిందా, ఆ నీళ్లు బయటికి వచ్చేస్తాయి. పైగా కడిగిన ఆకుల మీద మిగిలిన తడి ఒకటి. తడి ఆకుకి నూనె అంటదు, జారి అడుక్కి చేరుతుంది. మీరు వేసిన డ్రెసింగంతా అక్కడే ఉంది.

కాబట్టి ముందురోజు రాత్రో, కనీసం గంట ముందో ఆకులు కడిగి, దులిపి, శుభ్రమైన నూలు తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక ముట్టుకుంటే చేతికి చెమ్మ తగలకూడదు. టమాటాలు కోసి, కాస్త ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో పావుగంట ఉంచితే కారవలసిన నీళ్లు అక్కడే కారిపోతాయి. కీరాని నిలువుగా చీల్చి, గింజల భాగం చెంచాతో గీకి పారేయండి. నన్నడిగితే కీరా అసలు వద్దంటాను. ఈ సలాడ్‌లో దానికి పెద్ద పనేం లేదు.

ఇక తరగడం. ఈ సలాడ్ రుచి సగం కత్తి దగ్గరే తేలుతుంది. చీజ్, సలామీ, క్యాప్సికమ్, ఆలివ్‌లు, టమాటా అన్నీ కాబూలీ శనగగింజంత ముక్కలవ్వాలి. ఆకుని మాత్రం అర సెంటీమీటరు వెడల్పున పీచుల్లా తరగండి. చెంచా ఎక్కడ ముంచినా పులుపు, ఉప్పు, కరకర, మెత్తన అన్నీ ఒకేసారి నోట్లోకి రావాలి. మామూలు సలాడ్‌లో ఒక ముద్దకి ఉత్త ఆకు, ఇంకో ముద్దకి ఉత్త ఉల్లిపాయ తగులుతాయి. ఆ బాధ తప్పించడానికే ఇంత కత్తి పని. చాపర్ జోలికి పోకండి, ఆకు నలిగి మళ్లీ నీరు కారుస్తుంది. పదునైన కత్తి చాలు. అమ్మమ్మల కాలం కత్తిపీట మీకు అలవాటైతే ఇంకా మంచిది.

కలపడానికీ ఒక వరస ఉంది. శనగలు, ఉల్లి, చీజ్, సలామీకి సగం డ్రెసింగ్ పట్టించి పది నిమిషాలు వదిలేయండి. ఆకులు, టమాటా, మిగతా డ్రెసింగ్ కంచాలు పెట్టాకే కలపండి, ముందు వద్దు.

ప్రశ్న: రాత్రి అన్నం మానేసి ఇది తిందామనుకున్నాం. గంటకే మళ్లీ ఆకలి. మా అత్తగారైతే "ఆకులూ అలములూ తిని ఎన్నాళ్లుంటార్రా" అంటున్నారు.
— ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: అత్తగారి మాటే నిజం. మీ గిన్నెలో ఆకులెక్కువై, అసలు సరుకు తక్కువైంది. నలుగురి రాత్రి భోజనానికి నా లెక్క ఇది: మధ్యరకం లెట్యూస్ ఒకటి, ఉడికిన కాబూలీ శనగలు కప్పున్నర, ప్రొవొలోన్ లేదా మోజరెల్లా 150 గ్రాములు, సలామీ 100 గ్రాములు, చెర్రీ టమాటాలు కప్పు, చిన్న ఎర్ర ఉల్లిపాయలో సగం, గుప్పెడు ఆలివ్‌లు. పక్కన వెల్లుల్లి రాసి కాల్చిన రొట్టె ముక్కలుంటే మీ అత్తగారు కూడా కంచం దగ్గరికి లాక్కుంటారు.

శనగల దగ్గర బద్ధకించకండి. అరకప్పు శనగలు రాత్రంతా నానబెట్టి ఉడికిస్తే కప్పున్నర దాకా వస్తాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉప్పు, ఒక బిర్యానీ ఆకు వేసి కుక్కర్లో పెట్టండి. వేళ్లతో నొక్కితే మెదగాలి, కానీ పొట్టు ఊడి చిదికిపోకూడదు. ఎన్ని విజిల్స్ అన్నది మీ కుక్కరుకీ శనగల వయసుకీ వదిలేస్తున్నాను. నీళ్లు వంపేసి, వేడి మీదున్నప్పుడే రెండు చెంచాల డ్రెసింగ్ పోయండి. వేడి శనగ పులుపునీ ఉప్పునీ లోపలికి లాక్కుంటుంది. చల్లారాక పోస్తే పైపైనే ఉండిపోతుంది. డబ్బా శనగలైతే కడిగి, తుడిచి, ఒక్క నిమిషం వేడి చేసి ఇదే పని చెయ్యండి.

ప్రశ్న: మేము శాకాహారులం. సలామీ తీసేస్తే చప్పగా ఉంటోంది. పైన పార్మెజాన్ తురుము వేస్తున్నాను. చీజే కదా, ఫరవాలేదు కదండీ?
— డాలస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు చీజ్ సంగతి. ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మిజానో రెజానోలో పాలు విరగడానికి వాడేది దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్. అక్కడి నియమాల ప్రకారం అలాగే చెయ్యాలి. పట్టింపు ఉంటే అది మీకు కుదరదు. అమెరికాలో తయారయ్యే పార్మెజాన్ రకాల్లో సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడేవి దొరుకుతాయి. లేబుల్ మీద వెజిటేరియన్ లేదా మైక్రోబియల్ రెన్నెట్ అని ఉందేమో చూసి కొనండి. ఇండియాలో అయితే ఆకుపచ్చ గుర్తు చూసుకుంటే సరిపోతుంది.

సలామీ ఇచ్చేవి మూడు: ఉప్పదనం, కొవ్వు, నమిలితే సాగే గుణం. అది తీసేస్తే ఆ మూడూ ఇంకోచోటి నుంచి రావాలి. నూనెలో ఊరిన ఎండు టమాటాలు గింజంత ముక్కలు చేసి వేయండి, నమలడానికి అవి చాలు. ఉప్పదనానికి ఆలివ్‌లు కాస్త పెంచండి. చీజ్ ఇంకో యాభై గ్రాములు వేస్తే కొవ్వు లోటూ తీరుతుంది. మంట మీద కాల్చి తొక్క తీసిన ఎర్ర క్యాప్సికమ్ ఉంటే ఇక సలామీ ఊసే గుర్తుకు రాదు. పనీర్ వెయ్యొచ్చా అని ఇంకొందరు అడిగారు. వెయ్యొచ్చు, కానీ ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో రెండు గంటలు ఊరబెట్టకపోతే సలాడ్ మొత్తానికీ చప్పదనం తెస్తుంది.

ప్రశ్న: డ్రెసింగ్ సీసా కొనకుండా ఇంట్లో చేసుకునే పాళ్లు చెప్పండి. రెడ్ వైన్ వెనిగర్ మా ఊళ్లో దొరకదు. పెపరోంచిని అనే ఆ మిరపకాయలూ దొరకవు.
— ఉపాధ్యాయిని, రాజమండ్రి

జవాబు: మూడు పాళ్ల నూనెకి ఒక పాలు పులుపు. పైన నలుగురికి చెప్పిన కొలతకి ఆరు పెద్ద చెంచాల ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, రెండు చెంచాల పులుపు సరిపోతాయి. కిరాణా కొట్లో దొరికే తెల్ల సింథటిక్ వెనిగర్ ఘాటుగా గొంతులో పడుతుంది. దాని బదులు ఒక చెంచా ఆపిల్ సైడర్ వెనిగర్, ఒక చెంచా నిమ్మరసం వేయండి. దంచిన వెల్లుల్లి రెబ్బ ఒకటి, ఎండు ఒరెగానో చెంచాన్నర అరచేతిలో నలిపి, ఉప్పు, మిరియాల పొడి. అరచెంచా ఆవపిండి కూడా. ఆవకాయకి ఆడించిందే. ఆవపిండి పడితే నూనె, పులుపు విడిపోకుండా కాసేపు కలిసుంటాయి. పులుపులో పొడులన్నీ ముందు కలిపి, పది నిమిషాలాగి, నూనె చివర్లో పోస్తూ గిలక్కొట్టండి.

పిజ్జాతో వచ్చే ఒరెగానో పొట్లాలు దాచుకుని వాడేవాళ్లకి ఒక మాట: వాటిలో చాలావరకు ఉప్పు, కారం కలిపిన మసాలాయే. అవి వాడితే విడిగా ఉప్పు వేసేముందు రుచి చూడండి.

పెపరోంచినికి బజ్జీ మిరపకాయే మందు. రెండు కాయలు చక్రాల్లా తరిగి, గింజలు దులిపి, అరకప్పు వెనిగర్, అరచెంచా ఉప్పు, చిటికెడు పంచదార వేడి చేసి వాటి మీద పోసి, చల్లారనివ్వండి. నిజం చెప్పాలంటే సీసాలో కొన్నవాటికంటే ఇవే నాకు నచ్చుతాయి.

ప్రశ్న: ఒరెగానోకి బదులు పెరట్లో ఉన్న వామాకు వెయ్యొచ్చా?
— పాఠకుడు, అమలాపురం

జవాబు: ఒకటి, మహా అయితే రెండు లేత ఆకులు, మెత్తగా నూరి. రెంటిలోనూ కార్వక్రాల్ అనే సుగంధ పదార్థమే ఉంది కాబట్టి వాసన చుట్టరికం కలుస్తుంది. చేయి జారితే మాత్రం జలుబు కషాయం తాగినట్టే ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీ చూపించాడు. రోమ్‌లో, ఫ్లోరెన్స్‌లో ఈ సలాడ్ కోసం అడిగితే ఎవరికీ తెలియదన్నారు. మరి ఇది ఇటాలియన్ ఎలా అయిందండీ?
— రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ

జవాబు: వాళ్లు సరిగ్గానే చెప్పారు. ఇది అమెరికాలో పుట్టింది. ఇటలీలో సలాడ్ అంటే మాంసమో చేపో వడ్డించేటప్పుడు పక్కన పెట్టే ఆకులు. నూనె, వెనిగర్ సీసాలు బల్ల మీదే ఉంటాయి, ఎవరికి కావలసింది వాళ్లు పోసుకుంటారు. సలామీ, చీజ్ అక్కడ విడిగా పళ్లెంలో వస్తాయి. వీటన్నిటినీ ఒకే గిన్నెలో సన్నగా తరిగి పోసి పేరు తెచ్చింది బెవర్లీ హిల్స్‌లోని లా స్కాలా రెస్టారెంటు. 1956లో దాన్ని తెరిచిన జాన్ లియోన్ కూడా ఇటలీవాడు కాదు, స్పెయిన్‌లో పుట్టినవాడు. హాలీవుడ్ తారలు వచ్చే చోటు కావడంతో ఆ సలాడ్ పేరు కూడా బాగా పాకింది. లెట్యూస్, సలామీ, మోజరెల్లా, శనగలు, ఆవపిండి పడ్డ డ్రెసింగ్, అంతే అందులో ఉన్నది. ఒరెగానో ఘుమఘుమ, పెపరోంచిని, చేదు రాడికియో ఆకులు కావాలంటే లాస్ ఏంజిలెస్‌లోనే పిజ్జేరియా మోజాలో నాన్సీ సిల్వర్టన్ చేసే సలాడ్ పద్ధతి. పైన నేను చెప్పింది ఈ రెంటికీ మధ్య రకం.

మీరు ఫ్లోరెన్స్ దాకా వెళ్లారు కనుక, అక్కడ పాత రొట్టె, టమాటాలు, ఉల్లి కలిపి చేసే పంజనెల్లా తినే ఉంటారు. తినకపోతే అబ్బాయిని ఇంకోసారి తీసుకెళ్లమనండి!

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. ఇది తినాలని మనసుపడుతోంది.
— గుంటూరు

జవాబు: సలామీ మానేయండి. వేడి చెయ్యని అలాంటి మాంసాల్లో లిస్టీరియా అనే బాక్టీరియా ఉండే అవకాశం ఉంది, గర్భిణులకు అది ప్రమాదం. చీజ్ పాశ్చరైజ్ చేసిన పాలతోదే కావాలి. లెట్యూస్ పై ఆకులు తీసి పారేసి, లోపలివి ఒక్కొక్కటీ కుళాయి ధార కింద కడగండి. బయట తరిగి ఉంచిన సలాడ్లు తినిపించొద్దు. తరిగిన వెంటనే ఇంట్లోనే పెట్టండి. మిగిలినవి డాక్టరునడగండి, నన్ను కాదు.

ప్రశ్న: ఆఫీసు బాక్సులో పెట్టుకెళ్లొచ్చా?
— గచ్చిబౌలి

జవాబు: పొడుగాటి సీసాలో అడుగున డ్రెసింగ్, దాని మీద శనగలు, ఉల్లి, ఆపైన చీజ్, ఆలివ్‌లు, అన్నిటికంటే పైన పొడి ఆకులు. టమాటాలు కొయ్యకుండా వేసుకోండి. ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆలివ్ నూనె చలికి గడ్డకడుతుంది కాబట్టి తినడానికి అరగంట ముందు బయటపెట్టి, పెద్ద గిన్నెలోకి వంపి కలుపుకోండి. సీసాలోనే కలపబోతే చొక్కా మార్చుకోవలసి వస్తుంది.